పలకని పడవ

అక్టోబరు 2

మధ్యాహ్నం పోటుకి తలుపు నాలుగు నిమిషాలు ముందే దిగింది. కారణం తెలియదు.

పొద్దున చేసిన పనులు: అద్దాల మీద ఉప్పు తుడిచాను. గొలుసుకి గ్రీజు పూశాను. ఇరవై మూడు పడవల గంటలూ సరిగ్గా మోగుతున్నాయో లేదో కూర్చుని విన్నాను. గంట అంటే ఇత్తడి గంట కాదు, ప్రతి పడవలోనూ ఉండే చిన్న పరికరం. నిమిషానికోసారి ఇక్కడ తలుపు గదిలో టింగుమంటుంది. ఇరవై మూడూ మోగాయి.

ఎత్తుపేట చుట్టూ గోడ, గోడకి సముద్రం వైపు ఒకటే తలుపు. పోటు వేళకి పడవలన్నీ లోపలికి వచ్చాక తలుపు దిగాలి. ముందే దిగితే బయట మిగిలిన పడవ ఆరు గంటల పాటు అలల మీద ఊగుతూ ఆటు కోసం కాచుకోవాలి. మామూలు రోజుల్లో అది నడుంనొప్పితో పోతుంది. తుఫాను రోజున ప్రాణమే పోతుంది. తుఫానుల నెల మొదలైంది కాబట్టి నాలుగు నిమిషాల్ని నేను చిన్న విషయంగా రాయలేను.

తలుపుని నడిపే ప్రోగ్రాం మూడు వందల నలభై ఒకటో కూర్పు ఇవాళే ఎక్కింది. తలుపు కమిటీ పెద్ద దాలినాయుడు గారు ఇడ్లీ తింటూ పలుకుపెట్టెకి చెప్పి చేయించారట. చెట్నీ అయిపోయేలోగా తయారైందని ఆయనే నవ్వుతూ చెప్పారు. ఏం కావాలో నోటితో చెబితే చాలు, పెట్టె రాసేస్తుంది. ప్రోగ్రామైనా, పెళ్ళి పిలుపైనా, సంతాపమైనా సరే.

నా ముందు ఈ గది జోగమ్మ గారిది, మూడేళ్ళు ఆవిడ చేతికింద పనిచేశాను. ఆవిడ కాలంలో ఏడాదికి రెండు కూర్పులు. ఎందుకంటే ప్రతి కూర్పుకీ వినికిడి జరగాలి. రాసిన మనిషి పంక్తి పంక్తీ మామూలు తెలుగులో పైకి చదవాలి. వినే మనిషి ఆ పని తెలియనివాళ్ళై ఉండాలి, ఆ తలుపు మీద తమ ప్రాణమో తమవాళ్ళ ప్రాణమో ఆనుకుని ఉన్నవాళ్ళై ఉండాలి. అర్థం కానిచోట 'ఆగు' అంటారు. రాసినవాళ్ళు విడమరిచి చెప్పలేకపోతే ఆ పంక్తి తప్పు. మళ్ళీ రాయాల్సిందే.

రెండేళ్ళ క్రితం కమిటీ వినికిడి అనవసరమని తీర్మానించింది. జోగమ్మ గారు ఒక సంచీ, ఒక గొడుగు తీసుకుని లాంచీ ఎక్కి ఏరెగువన కట్ట మీద పనికి వెళ్ళిపోయారు. ఆవిడ పెట్టిన నియమాలు మాత్రం ఈ పుస్తకం మొదటి పేజీల్లో అలాగే ఉన్నాయి. పుస్తకం చేత్తోనే రాయాలన్నది అందులో ఒకటి. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ కొట్టేయలేదు.

'ఆగు' అన్న మాట విని రెండేళ్ళయింది. ఆ మాట వింటే చిరాకేసేది. ఇప్పుడు చెవి దాని కోసమే వెతుక్కుంటోంది.

అక్టోబరు 5

ఇవాళ తొమ్మిది నిమిషాలు. రెండు పడవలు బయట మిగిలాయి.

దాలినాయుడు గారింటికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. అదే నా కోపానికి పెద్ద ఇబ్బంది. మజ్జిగ ఇచ్చి కూర్చోమన్నారు. తలుపు ఎందుకు ముందు దిగుతోందో పెట్టెనే అడిగారు. "ఈ వారం పోటు వేగం పెరిగింది. తలుపు అందుకు తగినట్టుగా నడుచుకుంటోంది. అన్నీ సక్రమంగా ఉన్నాయి" అని పెట్టె చెప్పింది. ఎంత పొందిగ్గా చెప్పిందో చూడమన్నారు ఆయన. నిజమే, పొందిగ్గానే ఉంది. పోటు వేగం పెరగలేదన్నది వేరే సంగతి. కొలబద్ద రోజూ చూసేది నేను.

తిరిగి వచ్చి మూడు వందల నలభై ఒకటో కూర్పు తెరిచాను. పదకొండు వేల రెండు వందల నలభై పంక్తులు. జోగమ్మ గారిది పందొమ్మిది వందలు దాటేది కాదు. చదవలేక చివరికి వెళ్ళాను. చివర ఇలా ఉంది:

వినిపించినవారు: తవిటయ్య. విన్నవారు: బోడెమ్మ. ఆపిన చోట్లు: పద్నాలుగు.

తవిటయ్యని నేనే. నేను ఒక్క పంక్తి వినిపించలేదు. బోడెమ్మ చనిపోయి మూడేళ్ళయింది.

వెనక్కి వెళ్ళి చూశాను. మూడు వందల నలభైలో పదకొండు చోట్ల ఆపిందట. ముప్పై తొమ్మిదిలో పదిహేడు. అలా వరసగా అరవై కూర్పులు వెనక్కి చచ్చిపోయిన మనిషి కూర్చుని విన్నది. పెట్టెకి అబద్ధమంటే ఏమిటో తెలియదు. పాత మంచి కూర్పులన్నీ ఈ మూడు మాటలతో ముగియడం చూసింది, తనూ అలాగే ముగించింది. తెలిసి అబద్ధమాడేవాణ్ణి గల్లా పట్టుకోవచ్చు. దీన్ని ఎక్కడ పట్టుకోవాలి?

జోగమ్మ గారి కాలంలో బోడెమ్మ అడ్డపొగ పీలుస్తూ వినేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, 'ఆగు' అనడానికి చుట్ట తీసేది. చుట్ట తీసిందంటే నాకు గుండె జారేది. ఆవిడ పోయినప్పుడు నలభై సంతాప లేఖలు వచ్చాయి. అన్నీ పెట్టె రాసినవే, అన్నింట్లోనూ ఆవిడ మృదుభాషిణి. రేవు మొత్తం ఆవిడ తిట్లకి చెవులు మూసుకునేది. నలభైమందిలో ఒక్కరు కూడా తాము పంపేది చదివి పంపలేదు.

మళ్ళీ నాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. చచ్చినావిడ చేత సాక్ష్యం చెప్పిస్తున్నారని అరిచాను. బల్ల మీద కొట్టాను, మజ్జిగ గ్లాసు పడింది. ఆయన గ్లాసు తీసి నిలబెట్టి, నిదానంగా అన్నారు.

"మూడొందల కూర్పులైనాయి. ఒక్కడైనా సచ్చినాడేట్రా?"

జవాబు నా నోట్లోనే ఉంది. 'ఇంకా లేదు' అన్నదే ఆ జవాబు. అంటే అపశకునమవుతుందని ఊరుకున్నాను.

నీకంత బాధుంటే నువ్వే వినికిడి పెట్టు, వద్దన్నదెవరు, ఎవరొచ్చి వింటారో నేనూ చూస్తాను అన్నారు ఆయన. అది ముగిసేదాకా కొత్త కూర్పు ఎక్కించనని మాట కూడా ఇచ్చారు. నేను ఓడిపోతానని అంత నమ్మకం.

అక్టోబరు 9

కరపత్రం వేయాలి. జనాన్ని పిలవాలి.

నేను బడికి పోయింది తక్కువ. ఎండుచేపలు చుట్టడానికి పాత కాగితాల కట్టలు వచ్చేవి. వాటిలో కరపత్రాలుండేవి. ఉప్పు కార్మికులవి, గ్రంథాలయాల వాళ్ళవి, ఎప్పుడో ఏ ఊళ్ళోనో నీళ్ళ కోసం కొట్లాడిన వాళ్ళవి. చేపవాసన పట్టిన ఆ కాగితాల మీదే నేను చదవడం నేర్చుకున్నాను. ఒక్కో మాటకీ ఎవరో చెమటోడ్చినట్టు ఉండేది. చిన్న కాగితం, ఖరీదైన సిరా, పోలీసు భయం. వాళ్ళకి పనికిమాలిన మాట రాసే స్తోమత లేదు. అలాంటిదొకటి నా చేత్తో రాయాలని పదేళ్ళ నుంచి కోరిక.

నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ తిట్లే వచ్చాయి. అచ్చుగదిలో ఉండే కూర్మారావు చదివి, ఇది పిలుపులా లేదు, తగువులా ఉంది అన్నాడు. ఈ లోగా తలుపు పదకొండు నిమిషాలు ముందు దిగింది. వ్యవధి లేదు.

ఇక్కడ సిగ్గుపడే సంగతి ఒకటి రాయాలి. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. పెట్టె ముందు కూర్చుని, పాత కరపత్రాల గొంతులో, తలుపు గురించీ వినికిడి గురించీ పిలుపు రాయమన్నాను. నిమిషంలో వచ్చింది. మొదటి వాక్యం చూసి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను పదేళ్ళు కలగన్న గొంతు అది. మొదటి నాలుగు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. కూర్మారావు మూడు వందల కాగితాలు అచ్చు వేశాడు.

ఇల్లిల్లూ తిరిగి పంచాను. అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన గోడకి అంటించుకున్నాడు.

అక్టోబరు 14

ఎవరూ రాలేదు.

ఏడింటికే గది ఊడ్చి చాపలు పరిచాను. కుండలో నీళ్ళు పట్టాను. మధ్యాహ్నం దాకా చూశాను. గుమ్మంలోకి ఒక కుక్క వచ్చి చాప వాసన చూసి వెళ్ళింది.

టీ కొట్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. కరపత్రం చాలా బాగుందిరా తవిటీ అన్నారు నలుగురు. మరి ఎందుకు రాలేదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. బోడెమ్మ ఉంటే మెచ్చుకునేది. కొట్టతను నా చేతిలో గ్లాసు తీసుకుని, ఇంటికెళ్ళి తొంగోమన్నాడు.

జోగమ్మ గారికి కరపత్రం ఒకటి పెట్టి ఉత్తరం రాసి లాంచీకి ఇచ్చాను. వచ్చి వినమని బతిమాలాను. రాసేటప్పుడు తెలిసింది, నాకు నిజంగా కావలసింది గెలుపు కాదు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని నన్ను చూసి కనుబొమలు ముడవడం. అంతే.

అక్టోబరు 18

ఉత్తరం వచ్చింది. మొత్తం ఈ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను.

"తవిటీ, కరపత్రం అందింది. వాక్యాలు నున్నగా ఉన్నాయి. నీవి కావు. ఎక్కడికి రావాలో, ఏ రోజు రావాలో అందులో లేదు. అచ్చుకిచ్చే ముందు దీన్ని ఒక్క మనిషికైనా వినిపించావా? నేను రాను. ఆ తలుపు నాకు తెలుసు. తెలిసినవాళ్ళు ఎక్కడా ఆపరు. తెలియని మనిషిని కూర్చోబెట్టుకో."

కరపత్రం తీసి మొదటిసారి చివరిదాకా చదివాను. లేదు. రోజు లేదు, చోటు లేదు. నేను పెట్టెకి చెప్పలేదు, అది అడగలేదు. మెచ్చుకున్న మూడు వందల మందిలో ఎక్కడికి రావాలని ఒక్కరూ అడగలేదు. వాళ్ళూ నాలాగే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయారు.

చచ్చిన బోడెమ్మ పేరు చూసి నాయుడు గారి బల్ల కొట్టినవాణ్ణి నేను.

అదే మధ్యాహ్నం తలుపు పదిహేను నిమిషాలు ముందు దిగింది. ఆరు పడవలు బయట. ఒకటి దిగుతున్న తలుపు కిందినుంచి దూరబోయి ముక్కు విరగ్గొట్టుకుని వెనక్కి తిరిగింది. అది పైడమ్మ పడవ. పైడమ్మకి ఇరవై ఆరేళ్ళు, రేవులో సొంతంగా పడవ నడిపే ఒక్కతే ఆడపిల్ల. వాళ్ళమ్మ దేముడమ్మ అత్త ఎండురొయ్యల తట్టతో సహా తలుపు గదిలోకి వచ్చింది.

"ఒరే తవిటీ, మా గుంటని బైటొగ్గేసి తలుపేసీనావేట్రా?"

నేను వెయ్యలేదని, దానంతటదే దిగిందని, ఎందుకో నాకూ తెలియదని చెప్పాను.

"తెల్దా? మరి ఈ గదిలో నువ్వేటి సేస్తన్నావు, ఈగలు తోల్తన్నావా?"

నిలబడి తిట్లన్నీ తిన్నాను. అయిపోయాక, పదకొండు వేల పంక్తులున్నాయి అత్తా, చదువుతాను వింటావా అని అడిగాను. తనకి అక్షరం ముక్క రాదంది. అందుకే అడుగుతున్నానన్నాను. తట్ట దించి చాప మీద కూర్చుంది. రొయ్యల తలలు గిల్లే పనిలో చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే అంది.

అక్టోబరు 23

రోజుకి నాలుగు వందల పంక్తులు నడుస్తున్నాయి.

మొదటి రోజు పదో పంక్తి దగ్గరే ఆపింది. 'సముద్రమట్టం' అంటే ఎక్కడ కొలుస్తారు, రేవులోనా తలుపు బయటా అని. నేను చెప్పలేకపోయాను. రెండు గంటలు వెతికితే తేలింది, కొన్నిచోట్ల అక్కడ, కొన్నిచోట్ల ఇక్కడ. రెండో రోజు నాకు కోపం వచ్చి, ప్రతిదానికీ ఆపితే ఎలా అత్తా అన్నాను. నన్ను రమ్మన్నావా, బొమ్మని రమ్మన్నావా అంది.

ఒకే పని చేసే ముక్క ఏడుచోట్ల ఏడు రకాలుగా ఉంది. ఎప్పుడో తీసేసిన దీపాన్ని వెలిగించడానికి రెండు వందల పంక్తులున్నాయి. అవి వింటూ ఆవిడ నవ్వి, ఇదేటి, సచ్చినోడికి అన్నం వడ్డిస్తన్నారు అంది. ఏదీ పెద్ద తప్పు కాదు. పెట్టె రాసిన ఏ పంక్తిలోనూ నేరుగా తప్పుండదు. విడిగా చూస్తే అన్నీ చక్కటి పంక్తులే. ఎవరికోసం రాసిందో ఆ మనిషే వాటిలో లేడు.

నా గొంతు బొంగురుపోయింది. ఇన్నాళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేను. 'ఆగు' అన్నప్పుడల్లా కిటికీ వైపు చూస్తాను. ఇది జోగమ్మ గారు వినాల్సిన మాట అనిపిస్తుంది. కట్ట మీద ఆవిణ్ణి ఎవరు ఆపుతున్నారో, ఆవిడ ఎవరిని ఆపుతున్నారో.

అక్టోబరు 26

మూడు వేల రెండు వందల ఏడో పంక్తి. "పది నిమిషాలు గంట వినబడని పడవ లోపలికి చేరినట్టు లెక్క."

చదివి ముందుకి వెళ్ళిపోయాను. నాకు అందులో ఏమీ కనబడలేదు. లోపలికి వచ్చిన పడవలు గంట ఆపేస్తాయి కదా.

"ఆగు" అంది దేముడమ్మ అత్త. రొయ్య చేతిలోనే ఉంది. "వల లాగీటప్పుడు గంట పలకదు."

ఎందుకు పలకదన్నాను. వల లాగే మోటారుకీ గంటకీ ఒకటే బేటరీ అట. వల బరువుగా ఉంటే గంట తీగ పీకేసి మోటారుకి తగిలిస్తారట. చేపలు బాగా పడే రోజుల్లో అరగంట, ముప్పావుగంట కూడా. రేవులో పసిపిల్లలకి కూడా తెలుసట. తలుపు గదిలో అయిదేళ్ళున్న నాకు తెలియదు. పెట్టెకి అసలే తెలియదు. దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ నెలలో వలలు బరువుగా ఉన్నాయి. అందుకే నాలుగు, తొమ్మిది, పదకొండు, పదిహేను. ఎవరు వల లాగుతున్నారో వాళ్ళే ఇంటికి చేరినట్టు.

పాత కూర్పులు తిరగేశాను. ఈ పంక్తి రెండు వందల తొంభై ఆరో కూర్పులో వచ్చింది. ఆ రోజు నాయుడు గారు పెట్టెకి చెప్పిన మాట పైనే ఉంది: "తలుపు మరీ ఎక్కువసేపు తెరిచి ఉంటోంది, కాస్త తగ్గించు." అది తగ్గించింది.

అక్టోబరు 27

నాయుడు గారికి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. నిజంగానే బాధపడ్డారు. వెంటనే పెట్టె వైపు తిరిగి ఆ పంక్తి సరిచెయ్యమన్నారు. పన్నెండు సెకన్లలో కొత్త కూర్పు వచ్చింది. ఆ పంక్తి సరిగానే ఉంది. కానీ మొత్తం దాదాపు పన్నెండు వేలు. పోల్చి చూస్తే మరో ఏడు వందల నలభై పంక్తులు మారాయి. ఎందుకని అడిగితే, మెరుగుపరిచానంది పెట్టె.

ఇది ఎక్కించనన్నాను. ఆ ఏడు వందల నలభైలో ఏముందో ఎవరికి తెలుసన్నాను. తెలిసిన తప్పుని ఉంచుకుంటావా అన్నారాయన. ఈసారి ఇద్దరం అరుచుకున్నాం. చివరికి కొత్త కూర్పు ఎక్కించకుండా మూడు రోజులు గడువిచ్చారు. ఆ మూడు రోజులూ తలుపు దగ్గర నేను స్వయంగా నిలబడి, ముందే దిగబోతే గొలుసు పట్టి ఆపాలి. మామూలు పోటుకి అది కుదురుతుంది. తుఫాను తోపుడుకి ఆ గొలుసు మనిషి చేతికి ఆగదు.

అక్టోబరు 30

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

తుఫాను ముప్పై ఒకటిన అన్నారు. ఆఖరి వేటని పడవలన్నీ పొద్దున్నే వెళ్ళాయి. పదకొండింటికి గాలి మారింది. హెచ్చరిక జెండా ఎగరేశాను. రెండింటికి పద్నాలుగు పడవల గంటలే పలుకుతున్నాయి. తొమ్మిది పలకడం లేదు. వలలు లాగుతున్నారు. పైడమ్మ గంట పన్నెండున్నర నుంచి లేదు.

దేముడమ్మ అత్త తనంతట తనే వచ్చింది. తట్ట తేలేదు.

జోగమ్మ గారి నియమాల్లో ఒకటుంది: హెచ్చరిక జెండా ఉన్నప్పుడు తలుపు గది మనిషి ప్రోగ్రాంని చేత్తో దిద్దవచ్చు, విన్న మనిషి ఒకరుంటే. నడుస్తున్న తలుపు మీద నేను చేత్తో ఒక్క పంక్తి కూడా ఎప్పుడూ రాయలేదు. ఆ పాత పంక్తి కొట్టేసి రెండు రాశాను. పైకి చదివాను.

"వచ్చిందని తలుపు గది మనిషి గుర్తు పెట్టేదాకా, గంట వినబడని పడవ బయట ఉన్నట్టే లెక్క. బయట ఒక్క పడవ ఉన్నా తలుపు దించకు."

"ఆగు. ఒక్కటున్నా దించదా?"

దించదన్నాను.

"ఎంతసేపు?"

వచ్చేదాకా అన్నాను.

"రాకపోతే?"

విడమరిచి చెప్పలేకపోతే ఆ పంక్తి తప్పు. ఆవిడ కిటికీలోంచి రేవు మెట్ల వైపు చూసింది. మూడో మెట్టు దిగువ వరస ఇళ్ళకి గడప. అది దాటితే నీళ్ళు ఇళ్ళల్లోకే.

"మూడో మెట్టని రాయి" అంది.

"అత్తా, పైడి బయటే ఉంది."

"నాకు తెల్దేటి? రాయి."

రాశాను. "నీళ్ళు మూడో మెట్టు తాకితే, బయట ఎవరున్నా సరే, తలుపు దించు." చదివాను. ఆవిడ ఆపలేదు.

పాత పంక్తి ఉండి ఉంటే తలుపు రెండు యాభైకి దిగేది, తొమ్మిది పడవలూ బయట. మూడున్నరకి పదిహేను లోపలికి వచ్చాయి. నాలుగు దాటాక ఇరవై రెండు. నాయుడు గారు కొత్త కూర్పు ఎక్కించమనడానికే వచ్చినట్టున్నారు, తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డారు. చాప మీద దేముడమ్మ అత్తని చూసి, వచ్చి గొలుసు దగ్గర నా పక్కన నిలబడ్డారు. రెండో మెట్టు మునిగింది. గదిలో గంటలన్నీ ఆగిపోయాయి, అందరూ రేవులోనే ఉన్నారు కాబట్టి. ఆ నిశ్శబ్దంలో మేం ముగ్గురం ఒక్క గంట కోసం విన్నాం.

నాలుగు ఇరవై ఆరుకి నీళ్ళు మూడో మెట్టు తాకాయి. తలుపు దిగింది.

దిగువ వరస ఇళ్ళల్లోకి చుక్క రాలేదు. పైడమ్మ పడవ రాలేదు. ఆమెతో ఇంకో ఇద్దరున్నారు. చివరగా వచ్చిన పడవవాళ్ళు, పైడమ్మ ఉత్తరానికి మడ అడవుల వైపు తిప్పినట్టు వానలో కనబడిందన్నారు. తను అవునో కాదో ఒట్టు వెయ్యలేమన్నారు.

నవంబరు 2

మడల వైపు వెళ్ళిన లాంచీ ఇంకా తిరిగి రాలేదు.

ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు. నిన్న ఒంటరిగా కూర్చుని మూడో పంక్తిలో మూడు కొట్టేసి నాలుగు చేశాను. నీళ్ళు మూడో మెట్టు తాకగానే దిగిన ఆ గొలుసు చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. నాలుగైతే ఇంకో పావుగంట తెరిచి ఉండేది. ఒక్క అంకె. మార్చడం ఎంత తేలికో.

దేముడమ్మ అత్త ఇవాళ వస్తుందని అనుకోలేదు. వచ్చింది. చాప తనే పరుచుకుంది. మడల వైపు తెరుచుకునే ఉత్తరపు కిటికీకి ఎదురుగా కూర్చుని, మనం రాసింది మళ్ళీ ఓపాలి చదవమంది. మొదటిది చదివాను, రెండోది చదివాను. మూడోది, ఉన్నది ఉన్నట్టు, నాలుగో మెట్టనే చదివాను.

"ఆగు. నాలుగెప్పుడైంది?"

నిన్న అన్నాను.

"ఎవులికి ఇనిపించినావు?"

ఎవరికీ లేదన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా వైపు చూడకుండానే అంది.

"నాలుగో మెట్టంటే మంచమెత్తు. దిగువ వరసలో పసిగుంటలు కిందే తొంగుంటారు. నా కోసం మార్సినావని తెలుసు. తిరగరాయి."

నాలుగు కొట్టేసి మూడు రాశాను. పైకి చదివాను. ఊఁ, తర్వాత, అంది.

మిగిలిన పంక్తులు ఎనిమిది వేల పైన ఉన్నాయి. మొదలుపెట్టాం. రెండు పంక్తులు నడిచాయి. మూడోది, "ఆటు మొదలవగానే తలుపు ఎత్తు."

ఆగమంది.

అర్థం కాలేదా అత్తా అన్నాను.

"అయింది. మళ్ళీ ఓపాలి సదువు" అంది, కిటికీ వైపే చూస్తూ.

చదివాను.